అద్దాల కింద అంకెలు

అద్దాలు తుడవడం కూడా ఒక పనేనా అని మా ఆడబిడ్డ ఇప్పటికీ అంటుంది. ఇంట్లో అరచేయంత అద్దాన్ని పైటకొంగుతో తుడిచి బొట్టు పెట్టుకునేవాళ్లంతా అలాగే అంటారు. పెనుకొండ దగ్గర హైవే పక్కన, మే నెల ఎండలో, మనిషికన్నా ఎత్తైన అద్దాలు అరవై పైచిలుకు ఒక్క మరకా లేకుండా తుడిచి చూపిస్తే అప్పుడు మాట్లాడతాను. అంతవరకు ఆవిడతో వాదించే ఉద్దేశం నాకు లేదు.

ఆ అద్దాలు మొదట మా ఆయనవి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో బస్తాలు మోసి, తూకం వేసి, చివరికి నడుము పోగొట్టుకున్నాడు. ఇక బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాక, దసరా వెళ్లిన వారంలో ఒక కంపెనీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పనికి చేరాడు. ఆఫీసు బయటి గోడలన్నీ అద్దాలే. పై అంతస్తువి బెంగళూరు నుంచి తాళ్లు కట్టుకుని దిగేవాళ్లు వచ్చి తుడుస్తారు. కింది అంతస్తువన్నీ ఈయనవే. బరువులు మోసిన మనిషికి బకెట్టూ వైపరూ ఆటవస్తువుల్లా ఉన్నాయని సంబరపడ్డాడు. రాత్రి అన్నం తింటూ కూడా ఆ అద్దాల సంగతే. నేను సగం వినేదాన్ని, సగం కంచంలో కూరలా పక్కకు తోసేసేదాన్ని.

ఐదు నెలలు కూడా చేయలేదు. శివరాత్రి అయిన వారం, తెల్లవారి కంపెనీ బస్సు కోసం నిలబడినచోటే కూలబడ్డాడు. తోటివాళ్లు అదే బస్సులో ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను వెళ్లేసరికి తెల్ల దుప్పటి కప్పేశారు.

నాకు ఏడుపు రాలేదు. దాచుకున్నానని కాదు, ధైర్యం చెప్పుకున్నానని అంతకంటే కాదు. లోపల ఏమీ లేదు. మత్తు సూది వేశాక పంటి డాక్టరు దవడ మీద తడుతుంటే ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలా ఉంది. పదకొండో రోజు దాకా వచ్చినవాళ్లు నా మొహం చూసి, ఒకరినొకరు చూసుకుని, కాఫీ తాగి పోయారు. ధర్మవరం నుంచి వచ్చి నా దగ్గరే ఉన్న మా అమ్మ ఒక మధ్యాహ్నం నా తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చేయమంది. నేను ఆమె చీరకు పట్టిన పసుపు మరక చూస్తూ, దీన్ని నిమ్మకాయతో రుద్దితే పోతుందా అని ఆలోచించాను.

నెల తిరగకముందే ఆ కంపెనీ సూపర్‌వైజర్ ఇంటికొచ్చాడు. ఆయన జాగాలో ఇంట్లోవాళ్లను ఎవరినైనా తీసుకుంటామన్నాడు. అయితే ఎండాకాలం అయ్యేదాకా చూస్తారట. అద్దాలు సరిగ్గా ఉంటే ఉంచుకుంటారు, లేకుంటే వేరే మనిషిని పెట్టుకుంటారు. మా అన్న అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ గోల మాకెందుకు, చెల్లెలినీ బిడ్డనూ ధర్మవరం తీసుకుపోతానన్నాడు. మేడ మీద గది ఖాళీగా ఉంది, ఇంట్లో నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి, వాటికి దారం కండెలు చుట్టుకుంటూ ఉండొచ్చు. మా పాప అక్కడి కాలేజీలో చేరొచ్చు.

మా అన్న చెడ్డవాడు కాదు. ఆ మేడ మీద గదిలోకి ఒకసారి ఎక్కితే నేను మళ్లీ దిగనని మాత్రం నాకు బాగా తెలుసు. పెళ్లికి ముందు పదేళ్లు చుట్టాను ఆ కండెలు. వదిన వంట, వదిన టీవీ, వదిన చెప్పిన వేళకు దీపం ఆర్పడం. అన్న వెళ్లాక మా పాప గోడవైపు తిరిగి పడుకునే అడిగింది. "మనం ధర్మవరం పోవాల్నా అమ్మా?"

పోవద్దులే అన్నాను. ఉగాది అయిన మరుసటి సోమవారం బస్సెక్కాను.

స్టోరు గదిలో ఆయన బకెట్టు, పొడుగు కర్ర వైపరు, రబ్బరు పట్టీ తుడుచుకునే గుడ్డ ఆయన పెట్టినట్టే ఉన్నాయి. అవి చూసినా నాకేమీ కాలేదు. బకెట్టులో నీళ్లు పట్టుకుని బయటికొచ్చాను. అప్పుడు కనిపించాయి అంకెలు. అద్దాల కింద నడుమెత్తు కంటే తక్కువగా సిమెంటు గట్టు ఉంటుంది. ఆ గట్టు మీద ఒక్కో అద్దం కింద ఒక్కో అంకె, తెల్ల పెయింటుతో రాసి ఉంది. దక్షిణం వైపు అన్నీ ఏడు. పడమటి వైపు ఎనిమిది, తొమ్మిది, పది. ఉత్తరం వైపు వరసగా పదకొండు, పన్నెండు. తూర్పు వైపు రెండు, మూడు. కార్లు ఆపే గీతలు వేయగా మిగిలిన పెయింటు అడిగి తీసుకుని ఆయనే రాసుకున్నాడని తోటమాలి పెద్దాయన చెప్పాడు. ఎవరూ చెప్పకపోయినా నాకు తెలిసేది. ఆయన ఏడు అంకెకు నడుమ అడ్డగీత పెడతాడు. మార్కెట్లో తూకం చీటీల మీద ఏడును ఎవరూ ఒకటి అనుకోకూడదని పట్టిన అలవాటు.

అవి గంటలు. ఏ అద్దం మీద ఏ గంటకు ఎండ ఉండదో, ఉన్నా కాలదో, ఆ గంట. అన్నం తింటూ ఆయన చెప్పిన సంగతి నేను విన్న సగంలో అదృష్టం కొద్దీ ఉండిపోయింది. ఎండ పడే అద్దం మీద నీళ్లు పోయకూడదు. వైపరు కిందికి దిగేలోపే నీళ్లు ఆవిరైపోతాయి, సబ్బు మాత్రం అద్దాన్ని పట్టుకుని ఉండిపోతుంది. మా వైపు బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి చుక్క ఎండిన చోటల్లా తెల్లగా పొక్కు తేలినట్టు మరక. దాని మీద మళ్లీ తుడిస్తే మరక పోదు, పెద్దదవుతుంది. అందుకని మనిషే నీడ వెంట తిరగాలి. ఒక్కో అద్దమే పట్టుకోవాలి, బకెట్టుకు రెండు చుక్కల షాంపూ మించకూడదు, వైపరు ఒకసారి దిగితే రబ్బరును గుడ్డకు తుడిచి గాని రెండోసారి పెట్టకూడదు, చివర్లు పొడిగుడ్డతో ఒత్తాలి. అంతే పని. చెప్పడానికి ఒక నిమిషం, చేతికి రావడానికి ఒక నెల.

బతికున్నప్పుడు ఆయన మాట నేను ఒక్కటీ తిన్నగా వినలేదు. పోయాక మాత్రం అంకె పొల్లుపోకుండా విన్నాను. ఏడుకు దక్షిణం, ఎనిమిదికి పడమర, పదకొండుకు ఉత్తరం, రెండుకు తూర్పు. ఏం ఆలోచించాల్సిన పని లేకుండా రోజు గడిచిపోయేది. నాకు కావలసిందీ అదే.

మొదటి మూడు వారాలు బాగానే జరిగింది. చివర్లు ఒత్తడానికి ఆయన బనియన్లు తెచ్చుకున్నాను. అద్దానికి పాత బనియను గుడ్డను మించింది లేదు, నూగు రాలదు, తడి పీలుస్తుంది. ఈ మాట విని మా ఆడబిడ్డ మొహం ముడుచుకుంది. పోయినవాడి బట్టలు అలా వాడతారా అని. వాడకపోతే పెట్టెలో చిమటలు వాడుకుంటాయి అన్నాను. అప్పుడు నేను అలాగే ఉండేదాన్ని, మాట నోట్లోంచి రాయిలా పడేది.

తర్వాత ఒక ఉదయం నుంచి అద్దాలన్నీ పాలు పోసి తుడిచినట్టు మసకబారాయి. నాలుగు వైపులా అంతే. షాంపూ తగ్గించాను, నీళ్లు మార్చాను, రబ్బరు పట్టీ మార్చమని సూపర్‌వైజర్‌ను అడిగి మార్పించాను. మసక పోలేదు. మూడో రోజు బనియను ముక్క చేతిలో ముడిస్తే పెళపెళమంది. అప్పుడు అర్థమైంది. సాయంత్రం ఇంటికెళ్లి మా అమ్మను అడిగాను. ఉతికిన గుడ్డలన్నిటితో పాటు అద్దాల గుడ్డలకూ ఆమె గంజి పెడుతోంది. నేతగాళ్ల ఇంట్లో పుట్టి, నేతగాళ్ల ఇంట్లో మెట్టిన మనిషి. పడుగుకు గంజి, చీరకు గంజి, నాయన పంచెకు గంజి, ఆఖరికి మూటగుడ్డకు గంజి. తడి అద్దాన్ని ఒత్తినప్పుడల్లా గుడ్డలోంచి గంజి దిగి పొరకట్టింది. నేను కోప్పడేలోపే ఆమె అందుకుంది.

"గంజి పెట్టకుండా గుడ్డను బయటికి ఎట్ల పంపేదే," అంది అమ్మ. "మొగుడు పోయినాక దీనికి గుడ్డ ఉతికిచ్చే దిక్కు కూడా లేదనుకోరా?"

ఆ మాటకు నవ్వొచ్చింది. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. బనియన్లు రెండుసార్లు వేడినీళ్లలో నానబెట్టి జాడించాను. మూడు వైపుల అద్దాలు మర్నాటికే తేటపడ్డాయి. ఉత్తరం వైపు పడలేదు.

ఉత్తరం వైపే ఆఫీసుకు వాకిలి. వచ్చేవాళ్లందరూ అటునుంచే వస్తారు. పదకొండుకు మొదలుపెట్టి ఒక్కో అద్దమే తుడుచుకుంటూ పోయేదాన్ని. దగ్గర నుంచి చూస్తే ఏమీ లేదు. పది అడుగులు వెనక్కి పోయి పక్కగా చూస్తే, అడ్డంగా, నిలువుగా, వంకరగా గీతలు, సున్నం గోడ మీద చీపురు ఈడ్చినట్టు. ఏప్రిల్ చివరికి అవి ఇంకా ఎక్కువయ్యాయి. అద్దంలో కనిపించే పెనుకొండ కోట కొండ మీద కూడా గీతలే. నేను మరింత సబ్బు వేశాను. మరింత గట్టిగా రుద్దాను. ఒకసారి తుడిచినవి రెండోసారి తుడిచాను. పనిని పాడుచేయాలంటే ఎక్కువ చేయడమే దారి అని అప్పటికి నాకు తెలియదు. అరచేతుల్లో బొబ్బలు వచ్చి, పగిలి, మానాయి. నొప్పి మాత్రం ఎవరిదో అన్నట్టుండేది.

మే రెండో వారంలో సూపర్‌వైజర్ నన్ను వాకిలి ముందుకు పిలిచాడు. హిందూపురం అవతల కర్ణాటక పల్లెవాడు, మాట నెమ్మది. వచ్చే గురువారం పెద్దవాళ్లు వస్తున్నారని, ఈ గీతలు ఇలాగే ఉంటే తనేమీ చేయలేనని, కాంట్రాక్టరు వేరే మనిషిని చూసి పెట్టాడని చెప్పాడు. చెబుతున్నంతసేపూ అద్దాలకేసే చూశాడు, నా వైపు చూడలేదు. మా ఆయన ఉన్నప్పుడు ఈ వైపు అద్దాలు ఉన్నాయో లేవో తెలిసేది కాదని కూడా అన్నాడు. నేను సరే అన్నాను. ఆ రాత్రి మా అన్న ఫోను చేసి మేడ మీద గదికి సున్నం వేయించానన్నాడు. దానికీ సరే అన్నాను. మా పాప పుస్తకం ముందు పెట్టుకుని ఒకే పేజీ చూస్తూ కూర్చుంది.

మంగళవారం పదకొండుకు మళ్లీ ఉత్తరం వైపు మొదలుపెట్టాను. చెప్పుల్లోంచి కూడా బండలు కాలుతున్నాయి. తోటమాలి పెద్దాయన గడ్డికి నీళ్లు పెడుతూ నన్ను చాలాసేపు చూశాడు. ఆయనది రొళ్ల దగ్గర పల్లె. కొడుకులు గొర్రెలు అమ్మేసేదాకా గొర్రెల వెనకే తిరిగిన మనిషి. ఎవరి పనిలోనూ వేలు పెట్టడు. ఆ రోజు మాత్రం పైపు కింద పడేసి వచ్చాడు.

"ఏమమ్మా, ఎండ పడే అద్దానికి నీళ్లు కొడతాండావు?"

ఇది నీడ వేళే అన్నాను. కావాలంటే చూడు అని గట్టు మీద పదకొండు అంకె చూపించాను. ఆయన అంకె చూశాడు. తలెత్తి పొద్దును చూశాడు. అద్దం మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసి పంచెకు రుద్దుకున్నాడు.

"చలికాలంలో ఎండకని గొర్రెల్ని గోడకు దక్షిణం పక్క పండబెడతాం," అన్నాడు. "ఎండాకాలంలో నీడకని పండబెట్టేదీ దక్షిణం పక్కే. పొద్దు ఉత్తరానికి జరిగిపోతాది గదా. ఈ గోడకిప్పుడు పొద్దున మొదలుకొని ఎండే." పోబోతూ వెనక్కి తిరిగాడు. "ఆయప్ప ఈడ ఎండాకాలం చూడనేలేదు గదమ్మా."

ఆ మాట చెప్పి పైపు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను వైపరు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అద్దం మీది నీళ్లు నా కళ్ల ముందే ఎండి గీతలయ్యాయి.

దసరా నుంచి శివరాత్రి. ఆయనకు దక్కింది అంతే. ఆ ఐదు నెలల నీడను చూసి రాసుకున్నాడు అంకెలు. మళ్లీ రాసుకోవాల్సి వస్తుందని ఆయనకు తెలియదు. ఆయన పోయాడని డాక్టరు చెప్పినప్పుడు, పదకొండో రోజు గాజులు తీసినప్పుడు నాకు ఎక్కనిది అప్పుడు ఎక్కింది. ఈ ఎండలో ఆయన లేడు. ఈ అద్దాలకు మే నెలలో ఏం చేయాలో ఆయన నాకు చెప్పలేడు. రెండు నెలలుగా నేను ఆయన చెప్పినట్టే నడుస్తున్నాననుకున్నాను, ఆయన ఎప్పుడో చెప్పడం ఆపేశాడు.

అప్పుడూ ఏడుపు రాలేదు. బకెట్టు తీసుకుని దక్షిణం వైపుకి వెళ్లి అద్దం మీద చెయ్యి పెట్టాను. మిట్టమధ్యాహ్నం దగ్గర పడుతున్నా చల్లగా ఉంది.

బుధవారం పొద్దున్నే నిమ్మరసం కలిపిన నీళ్లతో పాత గీతలు వదలగొట్టాను. గురువారం బస్సు దిగి మళ్లీ నేరుగా ఉత్తరం వైపుకు వెళ్లాను. ఆయన ఏడింటికి దక్షిణం వైపు చేసినట్టు నేను ఏడింటికి ఉత్తరం వైపు చేశాను. ఎండ ఏటవాలుగా అప్పటికే తగులుతోంది గానీ అద్దం ఇంకా రాత్రి చల్లదనం విడవలేదు. సబ్బు తక్కువ, నీళ్లు తక్కువ, చెయ్యి తేలిగ్గా. పదకొండుకు సూపర్‌వైజర్ వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. పక్కనుంచి చూశాడు, వంగి చూశాడు. సరేనమ్మా అన్నాడు. వచ్చిన పెద్దవాళ్లు ఫోన్లు చూసుకుంటూ వాకిట్లోంచి లోపలికి పోయారు. ఒక్కరూ అద్దం వైపు తలతిప్పలేదు. అద్దాలు ఉన్నాయో లేవో వాళ్లకు తెలియలేదు. సాయంత్రం మా పాపతో, ధర్మవరం పోవాల్సిన పని లేదని చెప్పాను. అది ముందు నమ్మలేదు, తర్వాత వెళ్లి పుస్తకం పేజీ తిప్పింది.

ఆ తర్వాత సూపర్‌వైజర్ ఒక చిన్న డబ్బా పెయింటు ఇచ్చి, పాత అంకెలు చెరిపేసి సరైనవి రాసుకోమన్నాడు. పనికి అదే మంచిది. రెండు రకాల అంకెలు ఉంటే ఎవరికైనా తికమక. నేను బ్రష్షు ముంచి ఉత్తరం వైపు మొదటి అద్దం దగ్గర కూర్చున్నాను. ఆయన రాసిన పదకొండు మీదకు చెయ్యి పోలేదు. దాని కిందే ఏడు రాశాను, అడ్డగీత లేకుండా. దక్షిణం వైపు ఆయన ఏడు కింద నా పదకొండు రాశాను. సూపర్‌వైజర్ చూసి, మిగిలిన పెయింటు స్టోరు గదిలో పెట్టుకోమన్నాడు.

వానలు సరిగ్గా పడని ఏడాది అది, మబ్బులు మాత్రం పట్టే ఉండేవి. మబ్బుల్లో పొద్దు ఎటు పోతోందో పట్టించుకోలేదు. వినాయక చవితి అయిన వారం, ఒక రోజు బాగా ఎండ కాసింది. నా అంకె ప్రకారం పదకొండుకు దక్షిణం వైపు అద్దం మీద నీళ్లు కొట్టాను. వైపరు సగం దిగేసరికి కింది సగం ఆరిపోయింది. గీత పడింది. తలెత్తి చూస్తే పొద్దు ఈ వైపుకు వచ్చేసి ఉంది. కిందికి చూస్తే గట్టు మీద నా పదకొండు, దాని పైన అడ్డగీతతో ఆయన ఏడు.

రేపటి నుంచి ఆయన అంకెలే సరి. రేపు ఏడింటికి ఇక్కడ ఉండాలి, ఆయన చెప్పినట్టే.

ఆ గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆరు నెలల పైన అయింది ఆయన పోయి. ముక్కు కారుతుంటే చేతిలో ఉన్న బనియను ముక్కతోనే తుడుచుకున్నాను. మా అమ్మ చూసి ఉంటే, ఇప్పటికి వచ్చిందా నీకు అనేది. తోటమాలి పెద్దాయన పైపు తీసుకుని బిల్డింగు అవతలి వైపుకు వెళ్లిపోయాడు. అటు గడ్డి లేదు.

ఇప్పటికి నాలుగేళ్లు. చవితి నుంచి ఉగాది దాకా ఆయన అంకెలు, మిగిలిన నెలలు నావి. చూస్తే ఎక్కువ నెలలు ఆయనకే వచ్చాయి, బతికున్నప్పుడూ ఇంట్లో ఆయన మాటే చెల్లేది అని మా ఆడబిడ్డతో అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఎండకు పెయింటు నిలవదు. ఏటా చవితికి ముందు రెండు రకాల అంకెల మీదా మళ్లీ బ్రష్షు తిప్పుతాను. నావి నాలాగే రాస్తాను. ఆయనవి వచ్చినప్పుడు ఏడు రాసి, కాస్త ఆగి, నడుమ అడ్డగీత పెడతాను.